వైఫై ఆన్ చేస్తే బోర్డు రీసెట్ అవుతోంది

ప్రశ్న: ఓపెన్ సోర్స్ డిజైన్ చూసి ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్‌తో ఉష్ణోగ్రత కొలిచే బోర్డు సొంతంగా చేశాను. సెన్సర్ బాగానే ఉంది. వైఫై ఆన్ చేయగానే రీసెట్ అవుతోంది. చిప్ పాడైందాండీ?

జవాబు: టెన్షన్ పడకండి, చిప్‌ను అప్పుడే అనుమానించకండి. నా మొదటి బోర్డుకూ ఇదే జరిగింది. రెండు చిప్‌లు మార్చాక గానీ లోపం పవర్ సప్లైలో ఉందని తెలియలేదు. రేడియో సిగ్నల్ పంపే క్షణంలో కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగల సప్లై ఉండాలని చిప్ వివరాల పత్రం (డేటాషీట్) చెబుతుంది. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ చిన్నదైతే అంత కరెంటు ఇవ్వలేదు. 3.3 వోల్టులు ఉండాల్సిన చోట వోల్టేజీ పడిపోతుంది, వోల్టేజీ తగ్గడాన్ని పసిగట్టే బ్రౌనౌట్ డిటెక్టర్ చిప్‌ను రీసెట్ చేస్తుంది. బోర్డు పంపే సందేశాలను కంప్యూటర్‌లో చూపే సీరియల్ మానిటర్‌లో ‘బ్రౌనౌట్’ అన్న మాట కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే రెగ్యులేటర్ మార్చి, చిప్ పవర్ పిన్ పక్కనే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. సన్నటి యూఎస్‌బీ కేబుల్ కూడా ఇలాగే ఇబ్బంది పెడుతుంది.

యాంటెన్నా కింద రాగి పొర లేకుండా చూసుకోండి, ఉంటే సిగ్నల్ దెబ్బతింటుంది.

మీ దగ్గర సర్క్యూట్ ఫైళ్లు ఉండటం ఎంత మేలో చూడండి, లోపాన్ని మీరే వెతికి సరిదిద్దుకోవచ్చు. ఆ చిప్ తయారీదారు ఇచ్చే వైఫై లైబ్రరీలు మాత్రం సోర్స్ కోడ్ లేకుండా, మనం చదవలేని బైనరీలుగానే వస్తాయి. అవీ తెరుచుకోవాలని నా కోరిక. సరిదిద్దిన డిజైన్‌ను, లైసెన్సు చదువుకుని, మళ్లీ అందరికీ పంచండి.