సముద్రం, కొండలు వేస్తే ఫొటోలాగే వస్తున్నాయి. అక్కడ కలిగిన అనుభూతి బొమ్మలోకి రావాలంటే రంగులు ఇంకా ఘాటుగా వాడాలా?

ఘాటు రంగులతో అది రాదనే నా అనుభవం. అచ్చం బూడిదరంగుల్లో వేసిన సముద్రం ముందు నిలబడి ఒళ్లు జలదరించిన సందర్భాలు నాకున్నాయి.

నేనైతే బ్రష్ పట్టుకునే ముందు ఒక్క విషయం తేల్చుకుంటాను: ఇక్కడ నన్ను ఆపింది ఏమిటి? గాలా, కొండ బరువా, వాన ముందు నీళ్ల మీద పరుచుకునే ఆ వెలుగా? అది తేలాక మిగతావన్నీ దాని వెనకే. పడవ ఎంత ముచ్చటగా ఉన్నా, గాలిని చూపించడానికి పనికిరాకపోతే వదిలేస్తాను.

ఈ విషయంలో నేను ఎక్కువగా నేర్చుకున్నది చిత్రకారిణి జోన్ ఎర్డ్‌లీ (1921–1963) బొమ్మల నుంచి. స్కాట్లండ్ ఈశాన్య తీరంలోని కాటర్‌లైన్ అనే చిన్న జాలరి పల్లెలో ఆవిడ ఇల్లు తీసుకుని ఉండేవారు. తుఫాను వస్తే పెద్ద హార్డ్‌బోర్డులు ఒడ్డుకు మోసుకెళ్లి ఆ గాలిలోనే వేసేవారు. పొలాల బొమ్మల్లో గడ్డీ గింజలూ రంగులోనే కలిసిపోయి ఉంటాయి. అందరూ తుఫాను గురించే చెబుతారు గానీ, నాకు అంతకంటే పెద్ద విషయం ఆవిడ అదే ఒడ్డును, అవే ఇళ్లను మళ్లీ మళ్లీ వేయడం. ఫ్రాన్స్‌లో చిత్రకారుడు సెజాన్ కూడా సెంత్ విక్ట్వార్ కొండను ఏళ్ల తరబడి వేశాడు. ఒకే చోటికి పదే పదే వెళితే రూపం చేతికి వచ్చేస్తుంది. అప్పుడు కొలతల మీద టెన్షన్ పోయి, ఆ రోజు వాతావరణం మీదే మనసు పెట్టగలం.

సముద్రానికి చేతి కదలిక ముఖ్యం. ముందు చాలాసేపు ఏమీ గీయకుండా అలలనే చూడండి. నీళ్లు ఎటు తోసుకొస్తున్నాయో బ్రష్ అటే పోవాలి. అల విరిగే చోట పాలెట్ నైఫ్‌తో (రంగు పూసే రేకు కత్తి) మందంగా రంగు పెడతాను, వెనక్కి జారే నీటికి పల్చటి పూత చాలు. కొండ అలా కాదు, అక్కడ కావాల్సింది బరువు. వేల్స్ చిత్రకారుడు కఫిన్ విలియమ్స్ తన ప్రాంతపు కొండల్ని నైఫ్‌తో పలకలు పలకలుగా పేర్చినట్టు వేశారు, ఆ బొమ్మలు తప్పక చూడండి. దూరపు కొండలు నీలంగా కనిపించేది గాలి నీలి వెలుగును ఎక్కువగా చెదరగొట్టడం వల్ల. అలాగని మనం కూడా నీలమే వేయాలని లేదు. కొండ మీ మీదికి వచ్చినట్టు అనిపిస్తే ముదురు గోధుమరంగు వేయండి, ముందుకొస్తుంది. ఆకాశాన్ని తాకే అంచు మాత్రం అంతా ఒకేలా గీయొద్దు. ఒకచోట పదునుగా ఉంచి, ఇంకోచోట మబ్బులో కలిపేయండి.

ఫోన్‌లో ఫొటో తీసి ఇంటి దగ్గర వేస్తున్నారంటే మీ ఇబ్బంది సగం అందులోనే ఉంది. ఫోన్‌లో మామూలుగా వాడే లెన్స్ చాలా వెడల్పు చూస్తుంది కాబట్టి దూరపు కొండ మన కంటికి అనిపించినదానికన్నా బాగా చిన్నగా వస్తుంది. ఫొటోని రాళ్ల ఆకారం గుర్తుకోసం ఉంచుకోండి. కొండ ఎత్తు మాత్రం అక్కడే బొగ్గుతో గబగబా గీసుకున్న స్కెచ్ చూసి వేయండి, పెద్దదైపోయినా పర్వాలేదు.

రంగులు నాలుగైదు చాలు. అల్ట్రామెరైన్ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) తెలుపుతో కలిపితే చల్లటి బూడిద నుంచి వెచ్చటి బూడిద దాకా సముద్రానికి కావాల్సినవన్నీ వస్తాయి. గాలిలో ఆక్రిలిక్ చాలా త్వరగా ఆరిపోతుంది, మందంగా కలుపుతూ వేయాలంటే ఆయిల్ రంగులు మేలు. ఆయిల్‌లో కింది పొరలో నూనె తక్కువ, పైపొరలో ఎక్కువ ఉండాలి, లేదంటే తర్వాత పగుళ్లు వస్తాయి.

ఎప్పుడు ఆపాలనేది కూడా మొదట తేల్చుకున్న ఆ ఒక్క విషయమే చెబుతుంది. గాలి బొమ్మలోకి వచ్చేసిందంటే, ఒక మూల బోర్డు ఖాళీగా కనిపిస్తున్నా నేను ఇక ముట్టుకోను.