మాజీ జనరలా, విశ్రాంత జనరలా?

సందేహం: చైనా రక్షణ మంత్రిగా పనిచేసిన చి హావొతియాన్ గురించి చిన్న వ్యాసం రాస్తున్నాను. ఆయనను ‘మాజీ జనరల్’ అనాలా, ‘విశ్రాంత జనరల్’ అనాలా? జనరల్‌ను ‘సేనాధిపతి’ అని తెలుగు చేయవచ్చా? ‘పదవీ విరమణ పొందారు’ సరైన ప్రయోగమేనా? (ఒక పాఠకురాలు)

సమాధానం: ‘విశ్రాంత జనరల్’ అనండి. ‘రిటైర్డ్ జనరల్’ అన్నా ఇబ్బంది లేదు, అందరికీ తెలిసిన మాటే. ‘మాజీ’ని ఆయన పదవులకు వాడుకోండి: మాజీ రక్షణ మంత్రి, జనరల్ స్టాఫ్ (సైనిక ప్రధాన కార్యాలయ విభాగం) మాజీ అధిపతి.

జనరల్ అన్నది పదవి కాదు, హోదా (ర్యాంకు). మీరు ఎంచుకున్న మనిషి జీవితంలోనే ఈ తేడా తేటగా కనిపిస్తుంది. 1929లో షాన్‌డాంగ్ ప్రావిన్స్‌లో పుట్టిన చి కుర్రతనంలోనే కమ్యూనిస్టు సైన్యంలో చేరారు, కొరియా యుద్ధంలో పోరాడారు. 1965లో చైనా సైన్యంలో హోదాలన్నీ ఎత్తేశారు. ఎవరు అధికారో, ఎవరు జవానో చొక్కా జేబులు చూసి పోల్చుకునే రోజులవి: అధికారికి నాలుగు జేబులు, జవానుకు రెండు! 1987లో చి జనరల్ స్టాఫ్ అధిపతి అయ్యారు. అంత పెద్ద పదవి ఉంది, ఏ హోదా లేదు. 1988లో హోదాలను మళ్లీ తెచ్చి, ఒకేసారి 17 మందిని జనరల్స్ చేసినప్పుడు వారిలో ఆయనా ఉన్నారు. స్టాఫ్ అధిపతి పదవి 1992లో ముగిసింది. 1993 నుంచి 2003 వరకు రక్షణ మంత్రి. ఆ పదవీ అయిపోయింది, జనరల్ హోదా మాత్రం ఆయనతోనే ఉంది. మన సైన్యంలోనూ ఇంతే.

‘సేనాధిపతి’ ఎందుకు కుదరదో ఆ 17 అంకే చెబుతోంది. సేనను నడిపేవాడు సేనాధిపతి. ఏ సేనా చేతిలో లేని జనరల్ కూడా జనరలే. హోదా పేరును అలాగే ఉంచండి.

‘మాజీ జనరల్’ అనదగ్గవారు లేకపోలేదు. గువో బోషియోంగ్ చైనా కేంద్ర సైనిక కమిషన్ ఉపాధ్యక్షుడిగా 2012 దాకా ఉన్నారు. లంచాల కేసులో 2016లో యావజ్జీవ శిక్ష వేస్తూ జనరల్ హోదానూ ఊడబెరికారు. ఆయన అచ్చమైన మాజీ జనరల్. ఉర్దూలో ‘మాజీ’ అంటే గతం. అది ఇక లేదన్నమాట. సైనికుడి కొలువు ముగుస్తుంది కాబట్టి ‘మాజీ సైనికుడు’ సరైనదే.

ఇక ‘విరమణ’. విరమించడం అంటే మానుకోవడం, ఆపడం. అది చేసేదే కానీ పొందేది కాదు. ‘పదోన్నతి పొందారు’ అని రాసి రాసి, ఆ అలవాటులో దీనికీ ‘పొందారు’ తగిలించినట్టున్నారు. ‘పదవీ విరమణ చేశారు’ అనండి. నన్నడిగితే ‘రిటైరయ్యారు’ మరీ హాయి.