కరక్కాయ తగలని మూల

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారాలు. నేను తిరుపతిలో పదో తరగతి చదువుతున్నాను. ఈ సంవత్సరం మాకు మూడు ప్రాజెక్టులు ఇచ్చారు. చిత్రలేఖనంలో మన ప్రాంతపు కళ ఒకటి నేర్చుకుని నమూనా తయారుచేయమన్నారు. రసాయన శాస్త్రంలో ఇంట్లో దొరికే వాటితో ఆమ్లాలను, క్షారాలను గుర్తించమన్నారు. చరిత్రలో దగ్గరలో ఉన్న కోట మీద వ్యాసం, చార్టు అడిగారు.

మొదటిదానికి కలంకారీ ఎంచుకున్నాను. శ్రీకాళహస్తిలో ఉండే మా పెద్దమ్మ చెప్పిన ప్రకారం బెల్లం నీళ్ళలో తుప్పు పట్టిన మేకులు వేసి, మూత పెట్టి మూడు వారాలు ఉంచాను. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెట్టి, దాని మీద చిలుకను గీశాను. చిలుక చక్కగా నల్లగా వచ్చింది. కానీ గుడ్డ ఒక మూల పాలలో మునగలేదు కాబోలు, అక్కడ గీసిన తీగలు నల్లబడకుండా ఇటుక రంగుకు తిరిగి, అంచులు పాకిపోయాయి. పని శుభ్రంగా లేదని మార్కులు తగ్గించారు. రెండోదానిలో పసుపు, మందార రసం వాడాను గాని, ఫలితాల పట్టికను గైడు చూసి ముందే నింపేసి, ప్రయోగం తరువాత చేశాను. దానికి పూర్తి మార్కులు వచ్చాయి. మూడోదానికి చంద్రగిరి కోటను తీసుకుని, "1639లో శ్రీరంగరాయలు ఆంగ్లేయులకు చెన్నపట్నం స్థలాన్ని రాసి ఇచ్చాడు" అని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశాను. ఇచ్చేసిన తరువాత మరొక పుస్తకంలో శ్రీరంగరాయలు 1642లో గద్దెనెక్కాడని చదివాను. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. ఆ చార్టు ఇప్పటికీ తరగతి గోడ మీద ఉంది.

ఇప్పుడు ఈ మూడు ప్రాజెక్టుల వల్ల ఏమి నేర్చుకున్నామో రెండు పేజీలు రాసి ఇమ్మన్నారు. మార్కులు బాగా వచ్చిన రెండింటిలో నేను నేర్చుకున్నది తక్కువని, మార్కులు పోయిన గుడ్డ గురించే ఇంకా ఆలోచిస్తున్నానని నాకు అనిపిస్తోంది. ఈ మాట రాయవచ్చా? ఆ మూల అసలు ఎందుకు నల్లబడలేదు?
– ఒక విద్యార్థిని, తిరుపతి

సమాధానం: అమ్మా, నీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అది తెలిస్తే మొదటిదానికి జవాబు నీకే దొరుకుతుంది.

నీ కుండలో మూడు వారాల పాటు జరిగింది ఇది. బెల్లం నీళ్ళు పులిసి అందులో ఆమ్లం, ముఖ్యంగా వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, పుట్టింది. ఆ ఆమ్లం మేకుల ఇనుమును కరిగించి ఫెర్రస్ అసిటేట్‌గా మార్చింది. ఆ నీళ్ళకు తమంతట తాముగా నలుపు లేదు. కరక్కాయలో వగరుకు కారణమైన టానిన్లు ఉంటాయి. గుడ్డను కరక్కాయ పాలలో తడిపినప్పుడు అవి నూలు పోగులకు పట్టుకుంటాయి. ఇనుప నీళ్ళు గుడ్డకు తగలగానే ఇనుము ఆ టానిన్లతో కలిసి, గాలిలోని ఆక్సిజన్ తోడై, నీటిలో కరగని నల్లటి పదార్థం పోగు లోపలే తయారవుతుంది. ఆ నలుపు ఎవరో పైన పూసింది కాదు కనుకనే ఉతికినా పోదు. శ్రీకాళహస్తిలో ఒక కళాకారుడి ఇంట్లో నేను దీన్ని దగ్గర నుంచి చూశాను. కుండ మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. వెదురు పుల్ల చివర ఉన్ని చుట్టి, దారంతో బిగించిన కలాన్ని ఆ నీళ్ళలో ముంచి, ఆయన వేళ్ళతో ఉన్నిని మెల్లగా నొక్కుతూ ఒక గీత గీశారు. లేత రంగులో మొదలైన ఆ గీత, చెయ్యి పక్కకు జరిగేలోగానే నా కళ్ళ ముందు నల్లబడింది.

నీ గుడ్డ మూలలో టానిన్ లేదు. ఇనుముకు జత దొరకలేదు. అది గాలి తగిలి, మేకు మీద పట్టే తుప్పు లాగానే తుప్పుగా మిగిలింది. నీకు కనిపించిన ఇటుక రంగు అదే. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదని కళాకారులు చెబుతారు. ఆ మూలకు పాలు కూడా అందలేదు కాబట్టి అంచులు పాకాయి. అంటే ఒకే గుడ్డ మీద, ఒకే కుండలోని నీళ్ళతో, ఒకే చేత్తో, కరక్కాయ ఉన్న చోట ఏమవుతుందో, లేని చోట ఏమవుతుందో రెండూ పక్కపక్కనే చూపించావు. ప్రయోగశాలలో దీన్ని కావాలని చేస్తారు. ఒక్క అంశాన్ని తీసేసి, మిగిలినవన్నీ అలాగే ఉంచి, తేడా చూస్తారు. నీకు అది అనుకోకుండా జరిగింది. ఆ మూలను కత్తిరించి పారేయకుండా ఉంచినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. చిత్రలేఖనం ప్రాజెక్టుగా దానికి మార్కులు తగ్గడం అన్యాయమని నేను అనను, శుభ్రత ఆ పనిలో భాగమే. అయితే నీ రసాయన శాస్త్ర ప్రాజెక్టు నిజానికి ఆ గుడ్డ మూలలోనే ఉంది.

రికార్డు పుస్తకంలో ఉన్నదాని సంగతి వేరు. పట్టిక ముందు నింపి ప్రయోగం తరువాత చేసినప్పుడు కన్ను కొత్తగా దేన్నీ చూడదు, రాసినదాన్నే వెతుక్కుంటుంది. పసుపు క్షారంలో ఎర్రబడుతుందని గైడు చెప్పింది, నువ్వు రాశావు. కానీ పసుపు నీళ్ళలో తినే సోడా వేసినప్పుడు, సున్నం వేసినప్పుడు వచ్చే రంగులను పక్కపక్కన పెట్టి చూశావా? సున్నంతో వచ్చే ఎరుపు చిక్కగా ఉంటుంది, సోడాతో వచ్చేది దానంత ఉండదు, ఎందుకంటే సోడా బలహీనమైన క్షారం. పెళ్ళిళ్ళలో పాదాలకు పెట్టే పారాణి ఈ సున్నం, పసుపుల చర్యే. పారాణి మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు తిరిగి వస్తుంది. ఒక ఆదివారం ఈ పని మళ్ళీ చేయి. ఈసారి పట్టిక ఖాళీగా పెట్టుకుని కూర్చో. మందార రసం ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకు, క్షారంలో ఆకుపచ్చకు మారుతుంది గాని, అది ఎంత సేపు నిలుస్తుందో, పువ్వు వాడిపోతే తేడా వస్తుందో లేదో నువ్వే చూసి రాయాలి.

ఇక చరిత్ర. నువ్వు పట్టుకున్న పొరపాటు చిన్నది కాదు. 1639లో చెన్నపట్నం స్థలానికి మొదటి అనుమతి ఇచ్చినవాడు కాళహస్తి, వందవాసి ప్రాంతాలను ఏలిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. అప్పుడు విజయనగర సింహాసనం మీద ఉన్నది పెద వెంకటరాయలు. 1565 యుద్ధం తరువాత ఆ రాజులు హంపీ విడిచి ముందు పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి వచ్చారు. శ్రీరంగరాయలు 1642లో రాజై, 1645లో ఆ అనుమతిని ధ్రువపరిచాడు. రెండు దస్తావేజులను ఎవరో ఎప్పుడో కలిపేసి ఒక్కటిగా చెప్పారు, మిగిలినవారు దాన్నే ఎత్తి రాస్తూ వచ్చారు. నీ సందేహానికి మరో ఆధారం ఊరి పేరులోనే ఉంది. చెన్నపట్నం అన్న పేరు వెంకటాద్రి తండ్రి చెన్నప్ప నాయకుడి మీదుగా వచ్చింది. స్థలాన్ని ఇచ్చిన కుటుంబం తన పేరును అక్కడ వదిలి వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే నీ మూడు ప్రాజెక్టులు ఇక్కడ ఒకే చోటికి వస్తాయి. నెల్లూరు తీరంలోని ఆర్మగాంలో పనిచేసిన ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే ఆ ఇసుక నేల కోసం అంతగా ప్రయత్నించడానికి పెద్ద కారణం బట్ట. అక్కడ నూలు బట్ట మిగతా చోట్ల కంటే చౌకగా దొరుకుతుందని అతడు రాశాడు. ఆ రోజుల్లో తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యాలు కొనాలంటే మన తీరపు బట్టలే మారకం. తరువాత అవే అద్దకపు బట్టలు ఐరోపాకు ఎంతగా వెళ్ళాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళ ఆందోళన వల్ల 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వాటిని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. ఉతికితే పోని రంగు నూలు మీద ఎలా నిలుస్తుందో అక్కడివారికి అంతుబట్టలేదు. పటిక నీళ్ళతో గీసిన చోట మాత్రమే చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసే ఎరుపు పట్టుకుంటుందని, మిగిలిన చోట ఉతుకులో, ఎండలో పోతుందని మన అద్దకందారులకు తరతరాలుగా తెలుసు. 1742లో కోరమాండల్ తీరంలో ఉన్న కేర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ మతగురువు ఈ పద్ధతిని అద్దకందారుల నుంచి తెలుసుకుని, కరక్కాయ, గేదె పాలతో సహా వరుసగా ఒక ఉత్తరంలో రాసి పంపాడు. ఆయనకు తెలుగు వచ్చు, తెలుగు నిఘంటువు కోసం కూడా కృషి చేశాడు. ఆ ఉత్తరంలో చెప్పిన కరక్కాయ పాల తడుపునే నువ్వు ఈ ఏడాది మీ ఇంట్లో చేశావు. ఇంత నైపుణ్యాన్ని చూపిన ఆ అద్దకందారులలో ఎవరి పేర్లూ మనకు మిగలకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

కనుక రెండు పేజీలలో ఏమి రాయాలన్నది ఇక కష్టం కాదు. ఒక పేజీ పూర్తిగా ఆ మూలకు ఇవ్వు. గుడ్డ ఎలా తడిపావో, ఏ భాగం మునగలేదో, ఏ రంగు వచ్చిందో, ఎందుకో రాసి, వీలైతే అదే కుండ నీళ్ళతో రెండు చిన్న గుడ్డ ముక్కల మీద, ఒకటి కరక్కాయ పట్టించినది, ఒకటి పట్టించనిది, మళ్ళీ గీసి పక్కన అంటించు. రెండో పేజీలో చార్టు మీద పొరపాటు ఎలా వచ్చిందో, ఎలా తెలిసిందో రాయి. పట్టిక ముందే నింపిన సంగతి కూడా ఒక వాక్యంలో రాయమనే నా సలహా. శాస్త్రం బోధించిన ఇన్నేళ్ళలో, తప్పు తానే చెప్పుకున్న విద్యార్థికి నేను మార్కులు తగ్గించలేదు. మీ ఉపాధ్యాయులు ఎలా తీసుకుంటారో నేను ముందే చెప్పలేను గాని, అడగవలసిన పద్ధతిలో అడిగితే, గోడ మీది చార్టులో ఆ ఒక్క వాక్యాన్ని దిద్దడానికి వారు అభ్యంతరం చెప్పరనుకుంటాను. ఆ పని మాత్రం ఆలస్యం చేయకు, రోజూ ఆ గోడ ముందు కూర్చునే పిల్లలు దాన్ని చదువుతూనే ఉంటారు.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి ఎనిమిదో తరగతి. మైసూరు యుద్ధాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. దుకాణంలో థర్మాకోల్ కోట కొనమని పట్టుబడుతున్నాడు. పోయినసారి రాత్రి పదకొండు దాకా నేనే కత్తిరించి అంటించి ఇచ్చాను. ఈసారి ఏమి చేయమంటారు?
– ఒక తల్లి, చిత్తూరు

సమాధానం: కోట కొనవద్దు, మీరు కత్తిరించనూ వద్దు. మైసూరు యుద్ధాలలో ఒక ముఖ్యమైన ఘట్టం మీ ఊరి పక్కనే జరిగింది. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరుకు దగ్గరలోని నరసింగరాయనిపేట వద్ద సైనిక విడిదిలో చనిపోయాడు. అప్పుడు కుమారుడు టిప్పు పడమటి తీరంలో యుద్ధంలో ఉన్నాడు. అతడు వచ్చేవరకు మరణవార్తను బయటికి పొక్కనివ్వలేదు. దేహాన్ని ముందు కోలారుకు, తరువాత శ్రీరంగపట్నానికి చేర్చారు.

మీ అబ్బాయిని ఒక దక్షిణ భారత పటం ముందు కూర్చోబెట్టి, చిత్తూరు నుంచి కోలారు మీదుగా శ్రీరంగపట్నం దాకా గీత గీయమనండి. టిప్పు ఉన్న తీరం నుంచి చిత్తూరు వైపు మరొక గీత గీయమనండి. గుర్రం మీద వార్త వెళ్ళడానికి, అతడు తిరిగి రావడానికి ఎన్ని రోజులు పట్టి ఉంటుందో, ఆ రోజుల్లో వార్త బయటపడితే సైన్యంలో ఏమి జరిగి ఉండేదో వాడినే లెక్క వేసి రాయనివ్వండి. సందేహం వస్తే మిమ్మల్ని అడుగుతాడు, తెలిసినంత చెప్పండి. పటంలో గీత కాస్త వంకరగా వచ్చినా దాన్ని మీరు చెరిపి మళ్ళీ గీయకండి.