ఉంచుకోవాలా, ట్రేడ్ చేయాలా: అల్లుడికి ఒక ఉత్తరం

కాల్గరీ

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రి చూశాను. అమెరికా, కెనడాల పెద్ద ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో ఒక టీంలో చేరి ఏడాది తిరక్కముందే ఇంత పెద్ద పని నీకు అప్పజెప్పారంటే సంతోషంగా ఉంది. నువ్వేమో టెన్షన్ పడుతున్నట్టున్నావు. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు, లెఫ్ట్ వింగ్, అంటే ఎడమ పక్క నుంచి దాడి చేసేవాడు. టీంలు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే తీసుకున్నవాడు. ఒక నెల చెలరేగిపోతాడు, మరో నెల ఐస్ మీద ఉన్నాడో లేడో తెలీదు. ఈ వేసవితో తొలి కాంట్రాక్ట్ అయిపోతుంది. వాణ్ణి ఉంచుకోవాలా, ట్రేడ్ చేయాలా (వేరే టీంకు ఇచ్చి బదులు తెచ్చుకోవాలా) అన్నది నోట్ రాసివ్వమన్నారు. కుర్రాడి పేరు నాకు చెప్పలేదు. మంచి పని చేశావు, నేనూ అడగను.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి రెండు లైన్లలో, అంటే ఎక్కువసేపు ఐస్ మీద ఉండే ముగ్గురేసి ఫార్వర్డ్‌ల జట్లలో, వాడికి చోటిచ్చే ఉద్దేశం మీ టీంకు నిజంగా ఉంటే ఉంచుకోండి. ఆ ఉద్దేశం లేకపోతే ఈ వేసవిలోనే ట్రేడ్ చేయండి. మూడో లైన్లోనో నాలుగో లైన్లోనో పెట్టి "ఇంకో ఏడాది చూద్దాం" అనడం మాత్రం వద్దు. చాలా టీంలు చేసేది అదే, ఎక్కువగా నష్టపోయేదీ అక్కడే.

కాల్గరీలో ఉన్నవాడికి ఈ విషయంలో వేరే పాఠం అక్కర్లేదు. 2014 డ్రాఫ్ట్‌లో మా ఊరి టీం ఫ్లేమ్స్ నాలుగో పిక్‌తో (పిక్ అంటే డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) శామ్ బెన్నెట్‌ని తీసుకుంది. తొలి పూర్తి సీజన్లోనే 18 గోల్స్. ఆ 2016 జనవరిలో ఒకే ఆటలో నాలుగు గోల్స్ కొట్టాడు, అదీ ఫ్లోరిడా మీద. ఊరంతా ఇక వీడేనంది. ఆ తర్వాత ఇక్కడున్నన్నాళ్లూ 18 దాటలేదు. ఒకసారి సెంటర్ (లైన్ మధ్యలో ఆడేవాడు), ఒకసారి వింగ్, ఎక్కువగా మూడో లైన్, నాలుగో లైన్. ప్లేఆఫ్స్ వస్తే వేరే మనిషిలా ఆడేవాడు, సీజన్ మొదలవగానే మళ్లీ మామూలే. చివరికి 2021 ఏప్రిల్లో ఫ్లోరిడాకి ఇచ్చేశారు. బదులుగా ఒక రెండో రౌండ్ పిక్, ఎమిల్ హైనెమన్ అనే కుర్రాడు వచ్చారు. ఫ్లోరిడాలో రెండో లైన్ సెంటర్‌గా నిలబెట్టారు. ఆ సీజన్లో అక్కడ ఆడిన పది ఆటల్లో 15 పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి), మరుసటి ఏడాది 28 గోల్స్, 2024లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్, 2025లో మళ్లీ కప్. ఆ రెండోసారి ప్లేఆఫ్స్‌లో 15 గోల్స్ కొట్టి, ఆ పోటీల మేటి ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ కూడా తీసుకెళ్లాడు. మా ఊళ్లో కాఫీ దగ్గర ఇప్పటికీ ఆ పేరెత్తితే ఎవరో ఒకరు కప్పు కింద పెట్టేస్తారు.

కాల్గరీ వాణ్ణి ట్రేడ్ చేసిందని నాకు కోపం లేదు. కోపమల్లా, వాడు ఎవరో తేల్చుకోకుండా ఆరేళ్లు గడిపి, విలువ అడుగంటాక అమ్మినందుకు. 2019 డ్రాఫ్ట్‌లో రెండో పిక్‌గా వచ్చిన కాపో కాకో విషయంలో న్యూయార్క్ రేంజర్స్ చేసిందీ ఇంచుమించు ఇదే. 2024 డిసెంబర్లో సియాటిల్‌కి ఇచ్చేస్తే చేతికి వచ్చింది ఒక డిఫెన్స్‌మన్, మూడో రౌండ్ పిక్ ఒకటి, ఆరో రౌండ్ పిక్ ఒకటి.

ఇక నీ పని. నిలకడ లేదని అందరూ అంటున్నారు కదా, దేనిలో లేదో ముందు పట్టుకో. గోల్స్‌లోనా, గోల్ కొట్టే అవకాశాలు తెచ్చుకోవడంలోనా? ఈ రెండూ ఒకటి కావు. ఫార్వర్డ్‌లు కొట్టే షాట్లలో సుమారు పదింటికి ఒకటి లోపలికి వెళ్తుంది. ఆటకు రెండున్నర షాట్లు కొట్టేవాడు కూడా పది ఆటలు ఖాళీగా తిరగొచ్చు, అందులో వాడి తప్పేమీ ఉండకపోవచ్చు. కాబట్టి మంచి నెల, చెడ్డ నెల పక్కపక్కన పెట్టి షాట్లు, నెట్ ముందు నుంచి కొట్టిన షాట్లు, ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (షాట్ల నాణ్యతను బట్టి రావలసిన గోల్స్ లెక్క), పెనాల్టీలు రాబట్టడం చూడు. ఇవి రెండు నెలల్లోనూ ఒకేలా ఉంటే నీ కుర్రాడు బాగానే ఉన్నాడు, పక్ (బంతి బదులు ఆడే రబ్బరు బిళ్ల) లోపలికి పోవట్లేదంతే. ఇవి కూడా కూలిపోతే అసలు సమస్య అక్కడుంది.

టైలర్ సెగిన్ సంగతి చూడు. 2013 ప్లేఆఫ్స్‌లో బోస్టన్ ఫైనల్ దాకా వెళ్లింది, ఇతను 22 ఆటల్లో కొట్టింది ఒక్క గోల్. వయసు ఇరవై ఒకటి. ఆట మీద మనసు పెట్టడం లేదని టీం జీఎం (జనరల్ మేనేజర్) బాహాటంగానే అన్నాడు. ఆ జులైలో డల్లాస్‌కి ట్రేడ్ చేశారు. మరుసటి సీజన్లో 37 గోల్స్, 84 పాయింట్లు. ఒక ప్లేఆఫ్ చూసి మనిషిని తూచేశారు.

ఈ లెక్క రెండో వైపు నుంచి కూడా చూడాలి. మంచి నెలను కూడా అంతే అనుమానంగా చూడు. 2012లో మొదటి పిక్ నైల్ యాకుపోవ్. ఎడ్మంటన్‌లో తొలి ఏడాది 48 ఆటల్లో 17 గోల్స్. అవి 81 షాట్లకు వచ్చాయి, అంటే ఐదింటికి ఒకటి. అంత శాతం ఏళ్ల తరబడి ఎవరూ నిలబెట్టలేరు. మరుసటి ఏడాది 63 ఆటల్లో 11. నాలుగేళ్లయ్యాక 2016లో సెయింట్ లూయిస్‌కి ఇచ్చినప్పుడు వచ్చింది ఒక మైనర్ లీగ్ ఆటగాడు, షరతులతో కూడిన మూడో రౌండ్ పిక్. 2018 తర్వాత అతను ఎన్‌హెచ్ఎల్‌లోనే లేడు. ఆ 17 గోల్స్ వేసవిలో అమ్మి ఉంటే ఎంత వచ్చేదో ఊహించుకో. మీవాడి మంచి నెలంతా ఇలాంటి శాతం మీద నిలబడిందని తేలితే, ట్రేడ్ వైపు మొగ్గడానికి నీకు అంతకంటే గట్టి కారణం దొరకదు.

అంకెల తర్వాత వాడు ఎవరితో ఆడాడో, ఎవరి మీద ఆడాడో చూడు. మంచి నెలలో పక్కన సెంటర్ ఎవరు, చెడ్డ నెలలో ఎవరు? పవర్ ప్లేలో (అవతలివాడు పెనాల్టీకి బయట కూర్చున్నప్పుడు) మొదటి యూనిట్లో ఉన్నాడా, ఆఖరి ముప్పై సెకన్లకు దింపుతున్నారా? సొంత ఊళ్లో ఆటలు, బయట ఆటలు విడదీసి చూడటం మర్చిపోకు. లైన్ మార్పులో చివరి మాట సొంత ఊరి కోచ్‌ది కాబట్టి ఇంట్లో ఆడితే కుర్రాణ్ణి అవతలి గట్టి డిఫెన్స్ జోడీకి దూరంగా ఉంచగలడు. బయట అది కుదరదు. రెండు వారాలు వరసగా బయట తిరిగొస్తే "వీడు మాయమైపోయాడు" అంటారు. చాలా "చెడ్డ నెలలు" షెడ్యూల్‌లోనే దొరుకుతాయి.

నీది లెక్కల బుర్ర, ఆట మాత్రం చిన్నప్పటి నుంచి క్రికెట్టే కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. రోహిత్ శర్మ మొదటి మూడు ఐపీఎల్‌లు మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్‌కే ఆడాడు, 2009 కప్పు గెలిచిన టీంలో ఉన్నాడు. 2011 వేలంలో ముంబైకి పోయాడు. వన్డేల్లో మిడిలార్డర్‌లో అప్పటికి అతనికున్న పేరు, టాలెంట్ ఉంది, నిలకడ లేదు. 2013లో ఓపెనర్‌గా పంపారు. తర్వాత ముంబైకి కెప్టెన్‌గా ఐదు టైటిళ్లు, వన్డేల్లో మూడు డబుల్ సెంచరీలు. మనిషి అతనే. మారింది క్రీజులోకి పంపిన చోటు.

ఆ తర్వాత వీడియో చూడు. అన్ని షిఫ్టులూ (ఐస్ మీదికి దిగిన ఒక్కో విడత) కాదు, గోల్ రాని ఆటల్లోవి. జూనియర్ హాకీకి స్కౌట్‌గా లెత్‌బ్రిడ్జ్, మెడిసిన్ హ్యాట్, రెడ్ డీర్ రింకుల్లో కూర్చున్న రోజుల్లో నేను గోల్స్ రాసుకునేవాణ్ణి కాదు, అవి మర్నాడు పేపర్లో ఎలాగూ ఉంటాయి. పక్ పోగొట్టుకున్న మరుక్షణం వాడి కాళ్లు ఏం చేస్తున్నాయో రాసుకునేవాణ్ణి. వెనక్కి పరుగెడుతున్నాడా, చేతులు చాపి రెఫరీ వైపు చూస్తున్నాడా? రింక్ చుట్టూ ఉన్న బోర్డుల దగ్గర దెబ్బ తగులుతుందని తెలిసి పక్ ముందే వదిలేస్తున్నాడా, ఆ దెబ్బ తినైనా పాస్ ఇస్తున్నాడా? 2018-19లో వలేరి నిచుష్కిన్ డల్లాస్‌కి 57 ఆటలు ఆడి ఒక్క గోల్ కొట్టలేదు. మిగిలిన కాంట్రాక్టుకు డబ్బు కట్టి మరీ వదిలించుకున్నారు. పక్ వెనక పడటం, అవతలివాడి దగ్గర లాక్కోవడం అతని ఆటలో ఎప్పుడూ ఉండేవి. కొలరాడో తక్కువ జీతానికి తీసుకుంది. మూడేళ్లకు, 2022లో, 25 గోల్స్ కొట్టి కప్ ఎత్తాడు. గోల్ లేని రోజు కూడా టీంకు పనికొచ్చేవాణ్ణి ఉంచుకో. గోల్ లేని రోజు ఎవరికీ పనికిరానివాడి విషయంలో నీ నోట్ కటువుగా ఉన్నా ఫర్వాలేదు.

ట్రైనర్లతో కూడా మాట్లాడు. దెబ్బ తగిలితే బయటికి "అప్పర్ బాడీ" (నడుము పైభాగం) అని ఒక్క ముక్క చెప్పే ఆట ఇది. మణికట్టు నొప్పితో రెండు నెలలు ఆడి, నోరు మెదపని కుర్రాళ్లు ఉంటారు. షాట్ వేగం హఠాత్తుగా తగ్గిందేమో చూడు. వీలైతే బిల్లెట్ ఇంటి (కుర్ర ఆటగాళ్లకు బస ఇచ్చే కుటుంబం) నుంచి అపార్ట్‌మెంట్‌కి ఎప్పుడు మారాడో, వంట ఎవరు చేస్తున్నారో కూడా కనుక్కో. నవ్వుకోకు, ఇరవై ఏళ్లకు నువ్వేం తినేవాడివో మీ అమ్మకి, నాకు బాగా తెలుసు.

ట్రేడ్ అంటే ఓటమి అనుకోవద్దు. 2018 జులైలో సెయింట్ లూయిస్ టేజ్ థాంప్సన్‌ని ఇచ్చి బఫెలో నుంచి రయన్ ఓరైలీని తెచ్చుకుంది. థాంప్సన్‌తో పాటు ఇద్దరు ఆటగాళ్లు, ఒక మొదటి రౌండ్ పిక్, ఒక రెండో రౌండ్ పిక్ కూడా పోయాయి. మరుసటి ఏడాదే కప్ గెలిచింది, కాన్ స్మైత్ ఓరైలీకే దక్కింది. బఫెలోలో థాంప్సన్‌కి మొదట ఏమీ కలిసిరాలేదు, సెంటర్‌కి మార్చాక 38 గోల్స్, ఆ పై ఏడాది 47. ఇప్పుడు ఆ ట్రేడ్ తప్పని సెయింట్ లూయిస్‌లో ఎవరైనా అంటారా? వాళ్లకు అప్పుడు కావలసింది వాళ్లు తెచ్చుకున్నారు. మీ టీం కప్‌కి ఎంత దూరంలో ఉందన్నది నీ నోట్‌లో మొదటి పేరాలోనే ఉండాలి. కొత్తగా కట్టుకుంటున్న టీం ఇరవై ఒక్కేళ్లవాణ్ణి అమ్మి ముప్పై ఏళ్లవాణ్ణి తేవడం నాకైతే అర్థం కాదు.

డబ్బు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు, ఒక్కటి మాత్రం చెబుతాను. శాలరీ క్యాప్, అంటే ఒక టీం జీతాలకు పెట్టగల గరిష్ఠ మొత్తం, 2024-25లో 8.8 కోట్ల డాలర్లు, 2025-26లో 9.55 కోట్లకు పోయింది. ఇలా పెరుగుతున్నప్పుడు కుర్రాడికి ఇచ్చే జీతం ఏటికేడు చవకవుతుంది. అయినా ఏళ్ల తరబడి సాగే కాంట్రాక్ట్ ఇవ్వమని రాయకు. రెండేళ్లది ఇవ్వమను. ఇరవై మూడుకి కూడా అతని మీద మీ హక్కు పోదు, అప్పటికి వాడేంటో తేలిపోతుంది. కానీ సాగదీయొద్దు. 2024 ఆగస్టులో ఎడ్మంటన్ ఇద్దరు కుర్రాళ్ల కాంట్రాక్టులు నానుస్తూ కూర్చుంటే సెయింట్ లూయిస్ వాళ్లకు ఆఫర్ షీట్లు పంపింది, అంటే అంత జీతం పాత టీం ఇవ్వలేకపోతే కుర్రాడు తమవాడయ్యే కాంట్రాక్టులు. క్యాప్ బిగుసుకుపోయి ఎడ్మంటన్ సరిపెట్టలేక వదిలేసింది. అందులో డిలన్ హోలోవే అంతకుముందు సీజన్లో 38 ఆటల్లో 9 పాయింట్లవాడు. సెయింట్ లూయిస్‌లో తొలి ఏడాదే 26 గోల్స్, 63 పాయింట్లు. అతనికి పరిహారంగా ఎడ్మంటన్‌కి ముట్టింది ఒక మూడో రౌండ్ పిక్. మా పాత ప్రత్యర్థి ఎడ్మంటన్ వాళ్ల కష్టం చూసి కాల్గరీవాడు నవ్వకుండా ఉండటం కష్టమే, అయినా నీకు చెప్పేది నవ్వడానికి కాదు.

నోట్ రాసేటప్పుడు "ఒకవైపు ఇలా, మరోవైపు అలా" అని గోడ మీద కూర్చోకు. ఉంచుకోమంటే, ఏ సెంటర్ పక్కన, ఆటకు ఎన్ని నిమిషాలు, ఎన్ని ఆటల పాటు కదపకుండా ఆడించాలో రాయి. కనీసం నలభై ఆటలు అడుగు. ఈ మాట కోచ్ ఒప్పుకుంటాడో లేదో జీఎం గారిని ముందే కనుక్కోమను. కోచ్ ససేమిరా అంటే నీ జవాబు ట్రేడ్‌గా మారిపోతుంది, అది కూడా దాచకుండా రాసెయ్. ట్రేడ్ అంటే మాత్రం ఎంతకు తక్కువైతే ఫోన్ పెట్టేయాలో రాయి. నాకైతే ఇరవై నాలుగేళ్లలోపు, ఇప్పటికే లీగ్‌లో ఆడుతున్న ఆటగాడు ఒకడైనా రావాలి. పిక్‌లు మాత్రమే ఇస్తామంటే వద్దనే అంటాను.

డ్రాఫ్ట్ జూన్ ఆఖర్లో. పెద్ద ట్రేడ్‌ల మాటలు ఆ వారంలోనే నడుస్తాయి, కాబట్టి దానికి కనీసం పది రోజుల ముందు నీ నోట్ వాళ్ల బల్ల మీద ఉండాలి. నాకు మాత్రం పంపకు, టీం లోపలి కాగితం బయటికి రాకూడదు. డ్రాఫ్ట్ అయ్యాక ఫోన్ చెయ్. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది. మీ నాన్నగారిని, అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య