నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక టీవీ ఉన్న ప్రాథమిక బడికి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్లు వేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక బడి, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు, పూర్వ విద్యార్థులు ఇచ్చిన నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, గోడకు ఒక స్మార్ట్ టీవీ, నెట్ అంటే మీ ఫోన్ హాట్‌స్పాటే. డబ్బు పెట్టకుండా ఏమేం వేయొచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేను ప్రకాశం జిల్లాలో ఇంచుమించు ఇలాంటి బడిలోనే ఎస్జీటీని (సెకండరీ గ్రేడ్ టీచర్). మా దగ్గర పనికొచ్చినవీ, పనికిరానివీ చెబుతాను.

ఉచితమా కాదా అన్నది నేను ఆఖర్న చూస్తాను. ప్లే స్టోర్‌లో పిల్లల యాప్‌లని వెతికితే కనబడేవి దాదాపు అన్నీ ఉచితమే. తెరిచాకే అసలు సంగతి తెలుస్తుంది. నేను ముందు చూసుకునేవి వేరే. నెట్ ఆపేస్తే నడుస్తుందా? పిల్లవాడి పేరో, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబరో అడగకుండా తెరుచుకుంటుందా? మధ్యలో యాడ్స్ వస్తాయా? నేను సెలవు పెట్టిన రోజు మా రెండో టీచరు దాన్ని నడపగలరా? మొదటి మూడూ దాటేవి చాలానే ఉంటాయి, నాలుగోదాని దగ్గరే ఎక్కువ ఆగిపోతాయి. ఇప్పటికే హాజరుకో యాప్, మధ్యాహ్న భోజనానికో యాప్ అంటూ టీచర్ల ఫోన్లు నిండిపోయాయి. ఇంకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటే ఎవరికి ఓపిక ఉంటుంది?

మా బడికీ ఒక కంపెనీవాళ్లు వచ్చి, ఏడాదిపాటు ఉచితమంటూ లాగిన్లు ఇచ్చి వెళ్లారు. పాఠాలు బాగానే ఉన్నాయి, పిల్లలకూ నచ్చాయి. ఏడాది తిరిగేసరికి తలకింత కట్టమన్నారు. మేం కట్టలేదు, ప్రతి పాఠం మీదా తాళం గుర్తు వచ్చి కూర్చుంది. అప్పటికే టీచర్లు దానికి అలవాటు పడి, సొంతంగా చేసుకున్న చార్టులు బీరువా మీదికి ఎక్కించేశారు. అందుకని నా మొగ్గు ఎప్పుడూ కోడ్ అందరికీ తెరిచి ఉండి, ఎన్ని మెషీన్లలోనైనా వేసుకునే హక్కు లైసెన్సులోనే రాసి ఉన్నవాటి వైపే. తయారుచేసినవాళ్లు రేపు మనసు మార్చుకున్నా మన ల్యాప్‌టాప్‌లో ఉన్నది మనకు ఉంటుంది. ఇదేమీ ప్రయోగం కాదు, కేరళ ప్రభుత్వ బడుల్లో చాలా ఏళ్లుగా కంప్యూటర్ చదువు లినక్స్ మీదే (విండోస్‌కు బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టం) నడుస్తోంది.

ముందు ల్యాప్‌టాప్‌ల సంగతి. పాతవన్నారు కాబట్టి బహుశా వాటిలో విండోస్ 10 ఉంటుంది. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్టును 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. నెట్‌కు తగిలించకుండా వాడేట్టయితే దాన్నే ఉంచుకున్నా కొంప మునగదు, కింద చెప్పేవి దాదాపు అన్నీ విండోస్‌లోనూ నడుస్తాయి. కానీ ఆన్ కావడానికే పీరియడ్‌లో సగం పోతుంటే మాత్రం లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ వేయండి, అందులోనూ పాత మెషీన్లకు తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. 2 జీబీ ర్యామ్ ఉన్నా కదులుతుంది, 4 ఉంటే ఇబ్బంది ఉండదు. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి చూడొచ్చు, హార్డ్‌డిస్క్‌లో ఉన్నది ఏదీ చెరగదు. అలా చూస్తున్నప్పుడే వైఫై దొరుకుతోందా, సౌండ్ వస్తోందా, హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే టీవీలో బొమ్మ పడుతోందా చూసుకోండి. పాత మోడళ్లలో కొన్ని వైఫై చిప్‌లకు డ్రైవర్ విడిగా వేయాల్సి వస్తుంది. అప్పుడు మీ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ దించుకోవచ్చు. ఆ పూర్వ విద్యార్థులు మళ్లీ వచ్చి "ఇంకేం కావాలి మాస్టారూ" అంటే కొత్త ల్యాప్‌టాప్ అడక్కండి. నాలుగింటికీ ఎస్ఎస్‌డీలు (హార్డ్‌డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్కులు), నాలుగు యూఎస్‌బీ మౌస్‌లు అడగండి. ఒకటో తరగతి పిల్లల చిట్టి వేళ్లకు టచ్‌ప్యాడ్ అసలు లొంగదు.

ప్రతి ల్యాప్‌టాప్‌లో టీచర్లకొకటి, పిల్లలకొకటి, రెండు ఖాతాలు పెట్టండి. పిల్లల ఖాతాకు అడ్మిన్ హక్కులు వద్దు, పాస్‌వర్డ్ లేకుండా నేరుగా తెరుచుకోవాలి. మింట్‌లో గెస్ట్ సెషన్ అని కూడా ఉంది గానీ, లాగౌట్ కాగానే అందులో దాచినవన్నీ పోతాయి. నిన్న వేసిన బొమ్మ ఇవాళ కనబడకపోతే ఇక ఆ పూటంతా ఏడుపులే. డెస్క్‌టాప్ మీద మూడు ఐకాన్లకు మించి ఉంచకండి, వాటిని పెద్దవిగా పెట్టండి.

ఒకే ఒక్కటి వేయమంటే నేను జీకాంప్రిస్ వేస్తాను, చిన్నపిల్లలు ఆడుతూ నేర్చుకునే ఆటల మూట అది. 2000లో మొదలైంది, ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్లు తయారుచేసే కేడీఈ సముదాయంలో భాగం. రెండేళ్ల పిల్లల నుంచి పదేళ్ల దాకా అని వాళ్లే చెబుతారు. వందకు పైగా ఆటలున్నాయి, ఒక్కసారి వేస్తే నెట్ అక్కర్లేదు, యాడ్స్ లేవు, లాగిన్ లేదు. మౌస్ కదిపితే బొమ్మ మీది తెర చెరిగిపోయే ఆటతో మొదలుపెట్టి క్లిక్, డబుల్ క్లిక్, లాగి వదలడం దాకా చేయి తిప్పడం అదే నేర్పేస్తుంది. తర్వాత లెక్కపెట్టడం, త్రాసులో బరువులు సరిచేయడం, ముక్కలు పేర్చి ఆకారం చేసే టాంగ్రామ్, నీటి చక్రం, చదరంగం కూడా. చాలా ఆటలకు చదవడం రాకపోయినా పర్వాలేదు, బొమ్మ చూస్తేనే ఏం చేయాలో తెలిసిపోతుంది. ఒక్క డబ్బుల ఆట మాత్రం మా దగ్గర కుదరలేదు. అందులో యూరో నోట్లు వస్తాయి. మూడో తరగతి పాప చూసి "ఇవి దొంగనోట్లా సార్" అంది. ఆ పాఠానికి అట్టముక్కల మీద పది, ఇరవై అని రాసుకున్న నోట్లే మేలు.

మొత్తం ఆటలన్నీ ఒకేసారి తెరిచి పెడితే పిల్లలు దీన్నుంచి దాంట్లోకి దూకుతూ ఏదీ పూర్తి చేయరు. సెట్టింగుల్లో నక్షత్రాల లెక్కన కష్టస్థాయిని తగ్గించి పెట్టుకోవచ్చు. కియోస్క్ మోడ్‌లో నడిపితే బయటికి వెళ్లే బటన్, సెట్టింగుల బటన్ కనబడవు. వెనకాల వచ్చే సంగీతం ముందే ఆపేయండి. ఒకే గదిలో నాలుగు మెషీన్లు నాలుగు రాగాలు తీస్తుంటే పాఠం చెప్పలేరు.

ఒకే టీచరు ఒకేసారి రెండు మూడు తరగతులు చూసుకునే మల్టీగ్రేడ్ బడిలో ఈ ల్యాప్‌టాప్‌ల అసలు ఉపయోగం నాకు కనబడింది ఇక్కడే. కంప్యూటర్ పీరియడ్ అని విడిగా పెట్టి ముప్పై మందినీ నాలుగు తెరల చుట్టూ మూగనిస్తే ముందు నిలబడ్డ నలుగురే నేర్చుకుంటారు. మేం అలా పెట్టం. నేను ఒకటి, రెండు తరగతులకు గుణింతాలు చెబుతున్న సమయంలో మూడో తరగతిలో ఎనిమిది మంది ల్యాప్‌టాప్‌ల దగ్గర జంటలుగా కూర్చుంటారు. మిగిలినవాళ్లు పలకలో, వర్క్‌బుక్కో పట్టుకుంటారు. కాసేపటికి మారతారు. జంటలో ఒక రూలు ఉంది: మౌస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు నోరు మెదపకూడదు, పక్కవాళ్లు చెబితేనే కదపాలి. ఇది లేకపోతే చురుకైన పిల్లాడు మౌస్ లాక్కుంటాడు, పక్కన కూర్చున్న అమ్మాయి చూస్తూ ఉండిపోతుంది. రూలు పెట్టాక అమ్మాయిలు "పైకి, ఇంకొంచెం, ఆగు" అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టారు. ఈ రూలు పనిచేయాలంటే మీ దృష్టి ల్యాప్‌టాప్‌ల మీద అక్కర్లేనంత తేలికైన ఆట ఇవ్వాలి. రెండు నిమిషాలకోసారి "సార్, ఇది రావట్లేదు" అని అరుపు వస్తుంటే అది ఆ పిల్లల స్థాయికి మించిందని, తగ్గించండి.

రెండో ఐకాన్ టక్స్ పెయింట్, బొమ్మలు వేసుకునే ప్రోగ్రామ్. మూడేళ్లు దాటిన పిల్లల కోసం చేసింది, మెనూలు తెలుగులోకి మార్చుకోవచ్చు. నాకు అందులో బాగా నచ్చింది ఫైల్ పేరు అడక్కుండా దాచుకోవడం. తర్వాత తెరిస్తే బొమ్మలు వరుసగా చిన్నవిగా కనబడతాయి, పిల్లలు తమ బొమ్మ తామే వెతుక్కుంటారు. దానితోపాటు విడిగా సెట్టింగుల ప్రోగ్రామ్ వస్తుంది, అందులో ప్రింట్, క్విట్ బటన్లు తీసేయొచ్చు. ఊరికే బొమ్మలు వేయించడం కాకుండా తెలుగు పాఠంలో వచ్చిన ఒక మాటకు బొమ్మ వేయమనండి. "సంత" అంటే మా పిల్లలు మేకలు, చెరకురసం బండి వేశారు.

నాలుగు, ఐదు తరగతుల వాళ్లకు స్క్రాచ్ వేయొచ్చు, రంగు దిమ్మెలు పేర్చి ప్రోగ్రామింగ్ నేర్చుకునేది. ఎనిమిదేళ్లు దాటినవాళ్ల కోసం ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో తయారై 2007లో వచ్చింది. దాని ఆఫ్‌లైన్ యాప్ లినక్స్‌కు అధికారికంగా లేదు, అక్కడ స్క్రాచ్ ప్రాజెక్టులనే నడిపే టర్బోవార్ప్ డెస్క్‌టాప్ వేసుకోవచ్చు. కానీ మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి. ముందు మీరు కొంత నేర్చుకోవాలి, అది ఎండాకాలం సెలవుల పని.

టీవీ దగ్గర మా అనుభవం ఏమిటంటే, దాని స్మార్ట్‌తనాన్ని పట్టించుకోకపోవడమే సుఖం. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి, వీడియోలకు పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. యూట్యూబ్‌ను నేరుగా టీవీలో తెరిస్తే ఏ యాడ్ వస్తుందో మన చేతిలో లేదు. టీవీకి నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టారు. తెలుగు కథలు బోలెడు, నాలుగు స్థాయిలుగా విడదీసి ఉంటాయి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి దించుకుని చూపించినా, ప్రింటు తీసి పంచినా అనుమతి గొడవ లేదు. ఇంట్లో నెట్ ఉన్నప్పుడు మొదటి, రెండో స్థాయి కథల పీడీఎఫ్‌లు దించి పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లుగా పెట్టుకోండి. ఒక్కో పేజీ తెర మీద పెట్టి, వేలితో చూపిస్తూ పిల్లలతో చదివిస్తే పెద్ద పుస్తకం లేని లోటు తీరుతుంది. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లకు ప్రభుత్వ పాఠాల యాప్ దీక్ష ఉండనే ఉంది. అందులో వీడియోలు ముందురోజే ఫోన్‌లోకి దించుకోవచ్చు. అన్నీ ఒకే నాణ్యతలో ఉండవు, చూడకుండా తరగతిలో పెట్టకండి.

చదివించడానికి గూగుల్ 2019లో బోలో పేరుతో తెచ్చి, తర్వాత రీడ్ ఎలాంగ్‌గా మార్చిన యాప్ గురించి ఎవరో ఒకరు చెబుతారు. పిల్లలు పైకి చదువుతుంటే విని దిద్దుతుంది, తెలుగు కూడా వచ్చు. ఇంట్లో ఒక్క పిల్లవాడికి మంచిదే. తరగతి గదిలో మాత్రం పక్కవాళ్ల గొంతులన్నీ మైకులో పడి దానికి తికమక. వాడాలంటే వరండాలో ఒక్కొక్కరిని కూర్చోబెట్టాలి.

ల్యాప్‌టాప్‌లు అసలు అక్కర్లేని సాధనం ఒకటి చెప్పాలి, ప్లికర్స్. ప్రతి పిల్లవాడికీ ఒక గళ్ల బొమ్మ కార్డు ఇస్తారు. ప్రశ్నకు ఏది జవాబనుకుంటే ఆ వైపు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటాడు. మీరు ఫోన్ కెమెరాతో గదిని ఒకసారి చూపిస్తే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. లాగిన్, నెట్ మీ ఒక్కరికే ఉంటే సరిపోతుంది. ఉచిత ఖాతాకు కొన్ని పరిమితులున్నాయి, మామూలు క్లాసుకు అడ్డం రావు. కార్డులు ప్రింటు తీసి అట్టకు అంటించండి, మెరిసే లామినేషన్ వద్దు, వెలుతురు పడితే కెమెరాకు కనబడదు. చెయ్యెత్తమంటే అటూ ఇటూ చూసి ఎత్తే పిల్లలు ఇందులో పక్కవాడిని చూసి రాయలేరు. తీసివేతల్లో అప్పు తెచ్చుకోవడం మా ఐదో తరగతిలో ఎంతమందికి రాదో నాకు తెలిసింది ఇలాగే. పిల్లల పేర్లు ఎక్కించకండి, రోల్ నంబర్లు చాలు.

ఆ మాట మీదే ఇంకొకటి. చిన్నపిల్లలకు మెయిల్ ఐడీలు తయారుచేయకండి. గూగుల్ ఖాతా సొంతంగా నడుపుకోవాలంటే మన దేశంలో పదమూడేళ్లు నిండాలి. వయసు తప్పు వేసి తెరిపించడం టీచరు చేయాల్సిన పని కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. కొత్త యాప్ ఏదైనా పిల్లల ఫొటో, పుట్టినతేదీ అడిగిందంటే నేను అక్కడికక్కడే మూసేస్తాను.

మీ వర్క్‌షీట్ల కోసం ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత లిబ్రేఆఫీస్ చాలు, మింట్‌తోనే వస్తుంది. ఇక్కడ తెలుగు టీచర్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. పాత ప్రశ్నపత్రాలు అను ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి, ఆ ఫాంటు లేని మెషీన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. వాటిని ఒకసారి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ వాడే యూనికోడ్ పద్ధతిలోకి మార్పించుకుంటే ఇక ఏ ఫోన్‌లోనైనా, ఏ ల్యాప్‌టాప్‌లోనైనా చదవొచ్చు. చిన్న తరగతులకు మండలి ఫాంటు వాడతాను, ఒత్తులు విడిగా, స్పష్టంగా కనబడతాయి, ఉచితం కూడా. టైపింగ్ రాకపోతే ఫోన్‌లో జీబోర్డుతో మాట్లాడి టైపు చేయించుకుని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోండి, తర్వాత తప్పులు దిద్దుకోవడమే.

నాలుగు ల్యాప్‌టాప్‌లనూ ఒకేసారి పట్టుకోకండి. ఒకదాన్ని పూర్తిగా సిద్ధం చేసి వారంపాటు పిల్లల చేతికి ఇవ్వండి. ఏ బటన్ నొక్కి ఎక్కడికి పోతారో మీకే తెలుస్తుంది. అవన్నీ సరిచేశాక మిగతా మూడూ అలాగే చేసుకోవచ్చు. ఇన్‌స్టాలర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి, ఏం చేశారో ఒక కాగితం మీద తెలుగులో రాసి దానితో ఉంచండి. రేపు మీకు బదిలీ అయితే వచ్చే టీచరుకు అదే ఆధారం.

ల్యాప్‌టాప్‌ల మోడల్ పేరు, ర్యామ్ ఎంత, హార్డ్‌డిస్కా ఎస్ఎస్‌డీనా అన్నది కింద రాయండి. బ్యాటరీలు ఎంతసేపు నిలుస్తున్నాయో కూడా చెప్పండి. కరెంటు పోతే అరగంటైనా ఆగనివాటిని పిల్లలకు ఇవ్వకుండా టీవీ దగ్గరే ఉంచేయడం మంచిది, మోడల్ తెలిస్తే వైఫై సంగతి కూడా నేను చూసి చెప్పగలను.