ఉప్పునీళ్లలో ఆర్సెనిక్ వెతికితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది. నీళ్లలో, ఉప్పు శాంపిళ్లలో ఆర్సెనిక్ అనే విషాన్ని ఎలక్ట్రోడ్‌తో కనిపెట్టే పరిశోధన చేస్తానంటోంది. మా బావమరిది కొడుకు హైదరాబాద్‌లో డేటా సైన్స్ కోర్సు చేశాడు. రెండూ పోల్చి చెప్పండి. మాకు ఆంధ్రాలో లోకల్ లేదు. పెళ్లి ఆలస్యమవుతుందని వాళ్లమ్మ దిగులు.

జవాబు: అయ్యా, పోలిక అడిగారు గానీ మీ గుబులు వేరు. పిల్ల ఎటూ కాకుండా పోతుందేమోనని. పర్లాకిమిడి, రాయగడ వాళ్లూ ఇదే రాస్తుంటారు. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో, ఐసర్‌లలో (కేంద్రం నడిపే సైన్స్ విద్యాసంస్థలు) మీది ఏ రాష్ట్రమని చూడరు. ఐసర్ 2016 నుంచి మీ ఊళ్లోనే ఉంది. లోకల్ సంగతి ఇక వదిలేయండి.

డేటా సైన్స్ మాటకొస్తే, లెక్కలంటే ప్రాణం పెట్టేవాళ్లకు అది మంచి చదువే. నా అనుమానమల్లా ఆరు నెలల సర్టిఫికెట్ల మీద. కోర్సు అమ్మేవాళ్లు చేరే దాకా రోజూ ఫోన్ చేస్తారు, అయిపోయాక ఎత్తరు. మీ మేనల్లుడు కోర్సు ‘చేశాడు’ అని రాశారు. ఇప్పుడేం చేస్తున్నాడో రాయలేదు. ముందు అది కనుక్కోండి.

అమ్మాయి ఎంచుకున్న దారిలోనూ ఫ్యాషన్ లేకపోలేదు. ఎలక్ట్రోడ్‌కు ఓ కొత్త నానో పూత పూసి, శుద్ధజలంలో ఆర్సెనిక్ కలిపి, అద్భుతంగా కొలిచామని పేపర్ వేసేస్తారు. అదే ఎలక్ట్రోడ్ బావినీళ్లలో చతికిలబడుతుంది. పద్ధతి చూడ్డానికి తేలికే: బంగారు ఎలక్ట్రోడ్ మీద ఆర్సెనిక్‌ను కాసేపు పేరనిచ్చి, వోల్టేజి పెంచుతూ కరిగిస్తే, అప్పుడొచ్చే కరెంటును బట్టి ఆర్సెనిక్ ఎంతుందో తెలుస్తుంది. కానీ నీళ్లలో రాగి ఉంటే అదీ వచ్చి పేరుకుని లెక్క చెడగొడుతుంది. ఆర్సెనిక్‌లో ఐదో వేలెన్సీ రకం అంత సులువుగా పేరదు, ముందు దాన్ని మూడో వేలెన్సీకి దించాలి. పట్టాల్సిందేమో లీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర. మన తాగునీటి హద్దు అదే.

ఉప్పునీళ్ల కథ ఇంకా బాగుంటుంది. పరమాణువుల బరువును బట్టి మూలకాలను గుర్తుపట్టే ఖరీదైన ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో, దాన్ని నడిపే ఆర్గాన్ వాయువు, ఉప్పులోని క్లోరిన్ జతకట్టి 75 బరువుతో కనిపిస్తాయి. ఆర్సెనిక్ బరువూ 75. జాగ్రత్త పడకపోతే యంత్రం లేని విషాన్ని చూపిస్తుంది. ఎలక్ట్రోడ్‌కు ఆ పేచీ లేదు, పైగా ఉప్పు కరెంటును బాగా మోస్తుంది. కాకపోతే క్లోరైడు బంగారాన్నే కొరుక్కుతింటుంది. పక్కనే చిలికా, ఉప్పుమళ్లు పెట్టుకుని ఈ పని చేయాలనుకోవడం పిచ్చి కాదు. ఆర్సెనిక్ బెడద అసలు బెంగాల్, బీహార్ బోరుబావుల్లో ఎక్కువ. అయితే కొలిచే నేర్పు ఎక్కడైనా ఒకటే.

ఉద్యోగాలా? పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ వోల్టేజిని అదుపు చేసి కరెంటు కొలిచే పరికరం) మీద చెయ్యి తిరిగినవాళ్లకు బ్యాటరీలు, తుప్పు, షుగర్ స్ట్రిప్పుల పనులున్నాయి. దామన్‌జోడి అల్యూమినా ఫ్యాక్టరీ, రాయగడ కాగితం మిల్లు లాంటి చోట్ల నీటి ల్యాబులూ ఉన్నాయి. మొదటి జీతం చుట్టాల ముందు చెప్పుకునేంత ఉండదు.

ఇక మీ ఉత్తరం. బావమరిది కొడుకున్నాడు, పెళ్లుంది, లోకల్ ఉంది. అమ్మాయికి ఇది ఎందుకు కావాలో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

చేరేముందు గైడును రెండు అడగాలి. నిజమైన బావినీళ్లు చివరిసారి ఎప్పుడు కొలిచారు, ఆ ఫలితాన్ని వేరే పద్ధతితో సరిచూశారా? నసిగితే ఇంకో గైడును చూసుకోవాలి. ఆ ప్రశ్నలు అమ్మాయే అడుగుతుంది. మీరు తోడు వెళ్లండి, గది బయట కూర్చోండి.