జర్మనీలో మూడు చోట్ల అడ్మిషన్ వచ్చింది, ఏది తీసుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈలో బీటెక్ చేశాడు. సీజీపీఏ 8.6. జర్మనీలో మాస్టర్స్‌కి మూడు చోట్ల అడ్మిషన్ వచ్చింది. ఒకటి స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో ఇన్ఫోటెక్, రెండోది మాగ్డెబుర్గ్‌లోని ఒట్టో ఫాన్ గెరికె యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, మూడోది బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీ. దాని ఫీజు ఏడాదికి 12,000 యూరోలు. కన్సల్టెన్సీవాళ్లు బెర్లిన్‌కే పంపమంటున్నారు. నేను టీచర్‌ని, 20 లక్షల వరకు లోన్ తీసుకోగలను. వాడు ఇప్పటిదాకా ఇల్లు వదిలి ఉండలేదు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: ముందు బెర్లిన్ సంగతి తేల్చేద్దాం. యూరోను వంద రూపాయలుగా లెక్క వేసుకున్నా రెండేళ్ల ఫీజే 24 లక్షలు. మీ లోన్ మొత్తం ఫీజుకే చాలదు, తిండికీ అద్దెకూ రూపాయి మిగలదు. అయినా వాళ్లు దాన్నే ఎందుకు పట్టుకున్నారంటే, చేర్పించిన ప్రతి విద్యార్థికీ చాలా ప్రైవేటు యూనివర్సిటీలు కమీషన్ ఇస్తాయి, ప్రభుత్వ యూనివర్సిటీలు ఇవ్వవు. కమీషన్ మాట పక్కన పెట్టినా ప్రైవేటు కోర్సుల్లో చూసుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, అనాబిన్ అనే జర్మన్ ప్రభుత్వ డేటాబేస్‌లో ఆ సంస్థకు హెచ్ ప్లస్ గుర్తు, అంటే గుర్తింపు ఉన్న సంస్థ అనే ముద్ర, ఉందా లేదా. రెండోది, క్లాసులు నిజంగా క్యాంపస్‌లో జరుగుతాయా, సగం ఆన్‌లైనా. కోర్సును దూరవిద్యగా లెక్కగడితే స్టూడెంట్ వీసాకే ఎసరు వస్తుంది. 2025లో బెర్లిన్‌లో కొందరు భారతీయ విద్యార్థులు ఈ కారణంగానే చిక్కుల్లో పడ్డారు. మీకు రెండు ప్రభుత్వ సీట్లు చేతిలో ఉండగా ఈ తలనొప్పి అక్కర్లేదు.

ఇక మిగిలినవి స్టుట్‌గార్ట్, మాగ్డెబుర్గ్. ర్యాంకింగ్ చూస్తే స్టుట్‌గార్ట్ పేరే ముందుంటుంది. కానీ స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు తీసుకుంటోంది. నాలుగు సెమిస్టర్లకు 6,000, అంటే ఆరు లక్షలు. మనవాళ్లలో చాలామంది నాలుగు సెమిస్టర్లలో ముగించలేరు, ఐదోది పడుతుంది. దానికి మరో లక్షన్నర. మాగ్డెబుర్గ్‌లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ అని కొద్ది మొత్తం కడితే సరిపోతుంది.

అసలు తేడా అద్దెలో ఉంది. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అక్కడికి వెళ్లాక అందులోంచి నెలకు 992 చొప్పున చేతికొస్తుంది. స్టుట్‌గార్ట్‌లో హాస్టల్ దొరక్క బయట గది తీసుకుంటే 550 యూరోలు దానికే పోతాయి. హెల్త్ ఇన్సూరెన్స్‌కు సుమారు 145. మిగిలేది 297. ఫోను, బస్సు, బియ్యం, కూరగాయలు అన్నీ అందులోనే. మాగ్డెబుర్గ్‌లో 320కి గది దొరికితే 527 మిగులుతుంది. మీ 20 లక్షల్లో మొదటి ఏడాది బ్లాక్డ్ అకౌంట్‌కే సుమారు 12 లక్షలు. టికెట్, వీసా, చలిబట్టలు, గది అడ్వాన్సు కలిపి ఇంకో రెండు లక్షలు వేసుకోండి. మిగిలిన ఆరు లక్షలు స్టుట్‌గార్ట్ అయితే ఫీజు మింగేస్తుంది. మాగ్డెబుర్గ్ అయితే రెండో ఏడాది ఖర్చులో సగం వస్తుంది. రెసిడెన్స్ పర్మిట్ పొడిగించేటప్పుడు డబ్బు మళ్లీ చూపించాలన్నది చాలామంది మరిచిపోతారు. డబ్బును విద్యా రుణం నుంచే పంపండి. బ్యాంకు లోన్ నుంచి వెళ్లే సొమ్ము మీద 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు.

ఉద్యోగాల మాటకొస్తే, ‘స్టుట్‌గార్ట్ అంటే బోష్, మెర్సిడెస్, పోర్షే, మాగ్డెబుర్గ్‌లో ఇంటెల్ ఫ్యాక్టరీ వస్తోంది’ అని ఇప్పటికీ చెప్పేవాళ్లున్నారు. ఇంటెల్ ఆ ఫ్యాక్టరీని 2022లో ప్రకటించిన మాట నిజమే, 2025 జులైలో రద్దు చేసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో బోష్ 13,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. చదువు పూర్తయ్యే రెండున్నరేళ్ల నాటికి ఏ ఊళ్లో ఏ కంపెనీ ఎలా ఉంటుందో లెక్కగట్టి సీటు ఎంచుకోకండి. డిగ్రీ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువు ఇస్తారు. అప్పుడు దేశంలో ఎక్కడికైనా మారవచ్చు.

ఎంచుకోవడానికి పనికొచ్చేవి రెండు కాగితాలు. రెండూ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌లుగా ఉంటాయి. ఒకటి మాడ్యూల్ హ్యాండ్‌బుక్, ఇంకొకటి పరీక్షల నిబంధనావళి. రెండోది చాలాసార్లు జర్మన్‌లోనే ఉంటుంది, ట్రాన్స్‌లేటర్‌లో వేసుకునైనా చదవాలి.

మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో ప్రతి సబ్జెక్టుకూ ఒకటి రెండు పేజీలుంటాయి. ముందే ఏం వచ్చి ఉండాలి, ఎన్ని క్రెడిట్లు, పరీక్ష రాతా మౌఖికమా, ఏ సెమిస్టర్‌లో చెబుతారు అన్నీ అందులో రాస్తారు. మీ అబ్బాయిని తప్పనిసరి సబ్జెక్టులన్నీ ఒక కాగితం మీద వేసుకుని, ఒక్కోదాని ఎదురుగా బీటెక్‌లో దానికి పునాది ఏ పేపరో రాయమనండి. సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, ప్రాబబిలిటీ లాంటివి ముందురోజు గైడు చదివి గట్టెక్కినవైతే అదీ నిజాయితీగా రాయాలి. పునాది లేని తప్పనిసరి సబ్జెక్టులు మూడు దాటితే ఆ కోర్సు అతనికి కష్టమవుతుంది. ఏడాదికి ఒక్కసారే చెప్పే సబ్జెక్టులెన్నో కూడా చూడండి. అందులో తప్పితే చదువు సాగేది అక్కడే.

పరీక్షల నిబంధనలు మనవాళ్లను దెబ్బతీసినట్టు ఇంకేదీ దెబ్బతీయదు. మన దగ్గర సబ్జెక్టు పోతే సప్లీ ఉంటుంది, అదీ పోతే ఇంకో సప్లీ. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఒక పరీక్షకు మూడు అవకాశాలే. మూడో అవకాశాన్ని కూడా ఇన్ని సబ్జెక్టులకు మించి ఇవ్వమని షరతు పెట్టే చోట్లున్నాయి. తప్పనిసరి సబ్జెక్టులో అన్ని అవకాశాలూ అయిపోతే పేరు కొట్టేస్తారు. అదే కోర్సులో జర్మనీలో ఇంకెక్కడా చేరనివ్వరు, వీసా కూడా దానితోపాటే కదిలిపోతుంది. కాబట్టి ఎన్ని అవకాశాలు, రిజిస్టర్ చేసుకున్న పరీక్షను ఎన్ని రోజుల ముందు వరకు వెనక్కి తీసుకోవచ్చు, డాక్టర్ సర్టిఫికెట్ ఎప్పటిలోగా ఇవ్వాలి అనే మూడు సంగతులు రెండు యూనివర్సిటీలకూ పక్కపక్కన రాసి చూడండి.

మీరు చెప్పిన వివరాలను బట్టి నా మొగ్గు మాగ్డెబుర్గ్ వైపే. మీ అబ్బాయి మాడ్యూల్ లెక్కలో స్టుట్‌గార్ట్ సబ్జెక్టులు స్పష్టంగా ఎక్కువ నప్పితే, అక్కడ హాస్టల్ గది ఖాయమైతే అప్పుడు ఆలోచించవచ్చు. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వద్దు.

సీటు ఖాయం చేసుకున్న రోజే స్టూడెంటెన్‌వెర్క్ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టించండి. అది యూనివర్సిటీ ఆఫీసు కాదు, వేరే సంస్థ. అడ్మిషన్ వచ్చింది కదా, గదీ వాళ్లే ఇస్తారనుకుని కూర్చుంటే వెయిటింగ్ లిస్టులో అడుగున పడతారు. బయటి గదులకు, చూడకుండా అడ్వాన్సు పంపమన్నవాళ్లెవరికీ పైసా పంపొద్దు. ‘ఓనరు విదేశంలో ఉన్నాడు, తాళం కొరియర్‌లో పంపుతాం’ అన్నారంటే మోసమే.

ఇన్సూరెన్స్ విషయంలో గట్టిగా ఉండండి. బ్లాక్డ్ అకౌంట్‌తో కలిపి నెలకు ముప్పై, నలభై యూరోల ప్రైవేటు పాలసీ అంటగట్టే ప్యాకేజీలున్నాయి. ప్రయాణానికీ, అడ్మిషన్ నమోదయ్యే వరకూ అలాంటిది సరే. నమోదు సమయంలో మాత్రం 30 ఏళ్ల లోపువాళ్లు టీకే, ఏఓకే, బార్మర్ లాంటి ప్రభుత్వ పరిధి సంస్థలోనే చేరాలి. అప్పుడు ప్రైవేటు ఎంచుకుంటే చదువు ముగిసేదాకా ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కు తిరిగి రానివ్వరు. నెలకు వంద యూరోలు మిగులుతాయని ఆశపడి పంటి నొప్పికి వేలు కట్టుకుంటారు. ఇంకో మాట, 2025 జులై 1 నుంచి వీసా తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే పద్ధతి ఎత్తేశారు. మళ్లీ కొత్తగా పెట్టుకోవాలి, లేదా కోర్టుకెళ్లాలి. ఫైల్‌లో ఒక్క కాగితం కూడా తర్వాత ఇద్దామని వదలొద్దు.

దిగిన తొలి రెండు వారాల్లో మొదటి పని అన్‌మెల్డుంగ్, అంటే ఊరి ఆఫీసులో చిరునామా నమోదు. దానికి ఇంటి ఓనరు సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అందుకే తాత్కాలికంగా ఎక్కడ దిగినా, ఆ పత్రం ఇస్తారా అని ముందే అడగాలి. నమోదయ్యాకే పన్ను నంబరు ఉత్తరంలో వస్తుంది. రెసిడెన్స్ పర్మిట్‌కు కూడా ఈ నమోదే ఆధారం. ఈ ఉత్తరాలు ఎలా పోతాయో తెలుసా? అక్కడ పోస్ట్‌మ్యాన్ ఫ్లాటు నంబరు చూడడు, డబ్బా మీద పేరు చూస్తాడు. గదిలో దిగిన రోజే పోస్టు డబ్బా మీదా, కాలింగ్ బెల్ పక్కనా పేరు చీటీ అంటించాలి. అదీ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఉన్నది ఉన్నట్టు. స్నేహితులు పిలిచే పేరు అంటిస్తే బ్యాంకు కార్డు తిరిగి వెళ్లిపోతుంది. మనవాళ్ల పాస్‌పోర్టుల్లో ఆ గడి ఖాళీగా ఉండటమూ మామూలే. అలా ఉంటే వీసాకు ముందే సరిచేయించండి, అక్కడికి వెళ్లాక ప్రతి ఆఫీసులో అదో తంటా.

ఇంటికి నెలకు 18.36 యూరోల రేడియో, టీవీ రుసుము నోటీసు కూడా ఉత్తరంలోనే వస్తుంది. టీవీ లేదని చెప్పినా ఒప్పుకోరు. ఫ్లాటుకు ఒకటే కాబట్టి కలిసి ఉండేవాళ్లు పంచుకుంటారు. సామాన్ల సంగతికొస్తే ఆవకాయ, కారప్పొడి పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు, మాంసం, పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్ బయటినుంచి తేనివ్వరు. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి, శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి.

ఇల్లు వదలని పిల్లలకు తొలి సెమిస్టర్‌లో ఎదురయ్యేది ఖాళీ. అక్టోబరు మధ్యలో క్లాసులు మొదలవుతాయి. చాలా లెక్చర్లకు హాజరు తీసుకోరు, ఇంటర్నల్స్ ఉండవు, ఫిబ్రవరిలో ఒకే పరీక్షలో మార్కులన్నీ తేలతాయి. ఎవరూ అడగరు కాబట్టి నవంబరంతా తెలుగు స్నేహితుల గదుల్లో వంటలతో గడిచిపోతుంది, జనవరిలో గుండె జారుతుంది. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు. మొదటి సెమిస్టర్‌కు 18, 20 క్రెడిట్ల పరీక్షలకే కూర్చుని వాటిని గట్టిగా పాసవడం మేలు. ట్యుటోరియల్స్‌కు, పాత ప్రశ్నపత్రాలకు సీనియర్లను పట్టుకోవాలి. పరీక్షలకు తామే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు చాలా చోట్ల డిసెంబరు, జనవరి ప్రాంతాల్లో పడుతుంది. మరిచిపోతే ఎంత చదివినా హాల్లోకి రానివ్వరు.

పార్ట్ టైమ్ మీద మొదటి ఆరు నెలలు ఆశ పెట్టుకోకండి. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయవచ్చు. 2026లో కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. చట్టం ఒప్పుకున్నా పని దొరకాలంటే జర్మన్ రావాలి. గోదాములో రాత్రి షిఫ్టుకు వెళితే డబ్బు వస్తుంది, పొద్దున క్లాసు పోతుంది. ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్ పని దొరికితే అది చదువుకూ పనికొస్తుంది, అది ఈ రోజుల లెక్కలోకీ రాదు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా ఉద్యోగానికి జర్మన్‌లో బీ2 స్థాయి (ఏ1, ఏ2, బీ1 తర్వాతి మెట్టు) అడిగే కంపెనీలే ఎక్కువ. హైదరాబాద్‌లో గోథే సెంటర్ ఉంది. వీసా వచ్చేదాకా ఖాళీగా ఉండకుండా ఏ1, వీలైతే ఏ2 ముగించి విమానం ఎక్కమనండి.